మా ఊరి రోడ్డూ, సర్కారువారి పురుగులూ

పొలానికి నీళ్లు రాకపోవడం వల్ల మనిషికి ఎంత మేలు జరుగుతుందో ఇంతవరకూ ఎవరూ సరిగా రాయలేదు. ఆ లోటు తీర్చడానికే ఇవాళ కలం పట్టాను.

పాఠకులారా, నేను పెద్ద చదువు చదివినవాణ్ని కాను. మా ఊరి బుద్ధ విహారంలో పెద్ద స్వామివారి దగ్గర ఇసుకలో అక్షరాలు దిద్దుకున్నాను. పౌర్ణమికి తెల్లబట్ట కట్టి అష్టశీలం, అంటే ఎనిమిది నియమాల వ్రతం, పడతాను. మిగతా రోజుల్లో పంచశీలంతో సరిపెట్టుకుంటాను. లంకలో క్యాండీకి తూర్పున, కొండల మధ్య ఉన్న అంబవెల మా ఊరు. కొండ మీంచి ఒక కాలువ దిగుతుంది. దాని కింద మెట్లు మెట్లుగా వరి మళ్లు. అందులో ఒక వాటా నాది.

ఆ కాలువను మా ముత్తాతల తాతలు తవ్వారు. ఎవరి ఆర్డరు మీద తవ్వారో ఎవరికీ తెలియదు. ప్లాను లేదు, మంజూరు లేదు, ఓవర్సియరు లేడు. నీళ్లు పల్లానికి పోతాయన్న ఒక్క ధైర్యంతో తవ్వేశారు! తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇంత చీకట్లో ఉన్న మా ఊరికి సర్కారు ఒక రోడ్డు వేసింది.

వేసింది అంటే, మేమే వేశాం. ఈడొచ్చిన ప్రతి మగవాడూ ఏటా ఆరు రోజులు రోడ్డు పని చెయ్యాలని చట్టం. పూర్వం క్యాండీ రాజులు కూడా జనం చేత ఇలాగే ఊరికే పని చేయించుకునేవారట. అది అనాగరికమని దొరలు రద్దు చేశారు. కొన్నాళ్లు ఊరుకున్నాక మళ్లీ పెట్టారు. కానీ రాజులు నోటితో చెప్పేవారు, దొరలు అచ్చు వేయించి చెప్పారు. నాగరికత అంటే అదే కదా?

రోడ్డు పైనున్న టీ తోట నుంచి కింద రైలు స్టేషను దాకా పోతుంది. మధ్యలో మా కాలువ అడ్డం వచ్చింది. ఓవర్సియరు గొడుగు కింద నిలబడి, కాలువ పూడ్చి పైన కట్ట పొయ్యమన్నాడు.

మా ఊరి ఆరచ్చి రత్నాయక. సర్కారు తరఫున ఊరికి పెద్ద. నాకు వరసకి బావ. నా మడి పక్కనే ఆయన మడి కూడా ఉంది. ఆయన తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని అడిగాడు.

“అయ్యా, ఇక్కడ ఒక తూము పెట్టకపోతే కింద మళ్లన్నీ ఎండిపోతాయండి.”

“తూము ప్లానులో లేదు” అన్నాడు ఓవర్సియరు.

“నీళ్లున్నాయి కదండీ.”

“నీళ్లూ ప్లానులో లేవు.”

అంతే. మా ముత్తాతలు తవ్విన కాలువ మీద మేమే తట్టలతో మన్ను పోశాం, మేమే దిమ్మిస కొట్టాం. మా చేతుల మీదుగా జరిగిన పని కాబట్టి గట్టిగా ఉంటుందని మాత్రం హామీ ఇవ్వగలను.

ఇక మేళ్లు చెప్తాను.

మొదటిది శాంతి. ఇదివరకు నీటి వంతుల దగ్గర రోజూ తగువులే. మా కింది మడి రైతు ఉక్కు రాళకీ నాకూ గట్టు దగ్గర మాటల్లేవు. అర్ధరాత్రి నా మడికి గండి కొట్టుకున్నాడని నేను, నేనే కొట్టానని అతను. ఇప్పుడు నీళ్లే లేవు, దేనికోసం కొట్టుకుంటాం? ఇద్దరం ఎండిన గట్టు మీద పక్కపక్కన కూర్చుని ఆకు వక్క వేసుకుంటున్నాం. ఇంత స్నేహం పెద్ద స్వామివారి మైత్రీ ప్రవచనాల వల్ల కూడా కలగలేదు!

రెండోది చట్టభక్తి. సర్కారు రోడ్డు మీద వడ్లు ఆరబొయ్యకూడదు. మా ఊళ్లో ఒక్క గింజ ఆరబోసినవాడు లేడు. ఆరబొయ్యడానికి గింజ ఉంటే కదా? రాత్రిపూట వడ్ల బండికి లాంతరు లేకపోతే జరిమానా. మాకు జరిమానా పడలేదు. వడ్ల బండి కదిలితే కదా? గేదెలు రోడ్డు మీద బురద చెయ్యకూడదు. మా గేదెలు బురద చూసి చాలా కాలమైంది. ఇంత శుద్ధంగా చట్టాన్ని పాటించే ఊరు ఈ లంకలో ఇంకొకటి ఉంటే చూపించండి!

మూడోది ఆరోగ్యం. మడిలో తడి లేకపోతే జలగలూ లేవు.

నాలుగోది దేశ సంచారం. మేం పోకపోయినా అన్నం దేశాలు తిరిగి వస్తోంది. రంగూన్‌లో పండి, ఓడెక్కి, రైలెక్కి, మా రోడ్డు మీదుగా బండెక్కి మా సంతకు వస్తోంది. ఇదివరకు మా బియ్యం మడి నుంచి కుండకు వచ్చేది. దానికి లోకజ్ఞానం ఏముంటుంది?

అయినా మనిషికి ఆశ ఎక్కువ. కార్తె దగ్గరపడుతుంటే ఊరంతా కలిసి సర్కారు ఏజెంటు దొరకు అర్జీ పెట్టాం. రోడ్డు కింద ఒక మూరెడు తూము ఇప్పించమని. దొర మంచివాడు, జవాబిచ్చాడు. ఆరచ్చి విహారం అరుగు మీద నిలబడి చదివాడు. వరి పాత పంట. పాత పంటల కోసం కొత్త రోడ్డును తవ్వడానికి చట్టం ఒప్పుకోదు. కానీ సర్కారు కొత్త పరిశ్రమలను ప్రోత్సహిస్తోంది. అంబవెల ప్రజలు పట్టుపురుగులు పెంచి పట్టు తీసి చూపిస్తే, ఆ పరిశ్రమ అవసరం కోసం తూము మంజూరు చెయ్యబడుతుంది.

“అంటే పురుగు అడిగితే నీళ్లిస్తారు, మనిషి అడిగితే ఇవ్వరన్నమాట” అంది నా భార్య దింగిరి మెణికే.

“నోరు ముయ్యి చెల్లీ. తూము దగ్గరకొచ్చాక పాడుచెయ్యకు” అన్నాడు ఆరచ్చి.

ఆవిడ సంగతి మీకు తెలియదు. ఆవిడ ఇంత మెత్తగా మాట్లాడేది విహారం అరుగు మీద మాత్రమే.

కొలంబో నుంచి పట్టు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పేరు అల్విస్ మహత్తయ, అంటే అల్విస్ అయ్యగారు. బూట్లు వేసుకునేవాడు. అట్టల మీద ఆవగింజల్లాంటి గుడ్లు, కట్టలు కట్టిన మల్బరీ కొమ్మలు తెచ్చాడు. కొమ్మలు ఎండిన మళ్ల గట్ల మీద నాటించాడు. పురుగులకు ఆకు ఎలా తరగాలో, చేటలు ఎలా శుభ్రం చెయ్యాలో, పొగ ఎందుకు తగలకూడదో అన్నీ ఓపిగ్గా నేర్పాడు.

“చివర్లో దారం ఎలా తీస్తారు మహత్తయా?” అని ఉక్కు రాళ అడిగాడు.

“అది చివరి పాఠం. గూళ్లు కట్టాక చెప్తాను.”

చూశారా, ఎంత మంచి గురువో! ముందే చెప్పి ఉంటే మేము పరిశ్రమలోకే దిగేవాళ్లం కాదు.

పెంచాం పాఠకులారా, మనసు పెట్టి పెంచాం. అవి పడుకుంటే గట్టిగా తుమ్మేవాళ్లం కాదు. మా ఆవిడ వంట పెరట్లోకి మార్చింది. వాటి సంసారం మధ్య మేమే ఇరుకుగా సర్దుకున్నాం. రాత్రి అవి ఆకు నములుతుంటే పైకప్పు మీద సన్న వాన పడుతున్నట్టు ఉండేది. కళ్లు మూసుకుని వింటే మళ్లకు నీళ్లొచ్చినంత సంతోషం. గూళ్లు కట్టిన రోజున ఊరంతా పాయసం వండుకుంది. రంగూన్ బియ్యంతోనే అనుకోండి.

అప్పుడు అల్విస్ మహత్తయ చివరి పాఠం చెప్పాడు.

“ఇప్పుడు నీళ్లు మరిగించి గూళ్లన్నీ అందులో వెయ్యాలి.”

“లోపలున్నవాళ్లు బయటికొచ్చాకా?” అని అడిగింది మా ఆవిడ.

“కాదు. రాకముందే. వస్తే గూడు తొర్ర పడిపోతుంది, దారం తెగిపోతుంది.”

ఉక్కు రాళ వక్క నమలడం ఆపేశాడు. ప్రతి పౌర్ణమికీ మొదట పలికే శీలం, ప్రాణం తియ్యనన్నది, మా ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. మహత్తయకు తెలియకపోవచ్చు, ఆయన చదువుకున్నాడు.

“నేను త్రాసుతో మళ్లీ వస్తాను. గూళ్లు సిద్ధంగా ఉండాలి. తూము ఫైలు నా సంచీలోనే ఉంది” అని చెప్పి వెళ్లిపోయాడు.

ఏ ఇంట్లోనూ నీళ్లు మరగలేదు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు, అయినా అంతే. గూళ్లు తొర్రలు పడ్డాయి. తెల్లటి రెక్కల పురుగులు బయటికొచ్చాయి. సరే, ఎగిరిపోతాయి, మన బాధ్యత తీరుతుంది అనుకున్నాం.

సర్కారువారి పురుగులు ఎగరవు!

రెక్కలున్నాయి కానీ వాడవు. వేల ఏళ్లుగా మనుషులు పెట్టింది తిని వాటికి ఎగరడం పోయిందట. చేటల్లోనే కూర్చుని, చేటల్లోనే పెళ్లిళ్లు చేసుకుని, చేటల నిండా గుడ్లు పెట్టాయి. కొద్ది రోజులకే గుడ్లు పిల్లలయ్యాయి. ఇదివరకు ఇంటికి రెండు చేటలుంటే ఇప్పుడు ఇరవై. ఆకు పెట్టకపోతే చచ్చిపోతాయి. మరిగించి చంపినా, మాడ్చి చంపినా చంపడమే కదా? ఊళ్లో మల్బరీ అయిపోయింది. కొండ అవతలి ఊళ్ల నుంచి ఆకు మోసుకొస్తున్నాం. సర్కారు రోడ్డు మీదే! రోడ్డు మాకు ఎందుకూ పనికిరాదన్నవాళ్లు ఇప్పుడేమంటారు?

ఊళ్లో బియ్యం చెరగడానికి ఒక్క చేట ఖాళీ లేదు. చెరగడానికి బియ్యమూ లేవు కాబట్టి పెద్ద ఇబ్బంది పడలేదు.

త్రాసు వచ్చింది. మా ఆవిడ తొర్రపడిన గూళ్ల గంప తెచ్చి అల్విస్ మహత్తయ ముందు పెట్టింది. ఆయన ఒకటి తీశాడు, తిప్పాడు, ఇంకోటి తీశాడు.

“ఇవన్నీ ఖాళీ. లోపలివి ఏవి?”

“పెద్దవాళ్లయ్యారు మహత్తయా, బయటికొచ్చారు” అంది. “అదిగో, మీ కుర్చీ వెనక వాళ్ల పిల్లలే.”

మహత్తయ కుర్చీలోంచి లేచాడు. వసారా పొడుగునా చేటలు. గోడవార చేటలు. నా మంచం మీద చేటలు. కొన్నిటిలో కొత్త గూళ్లు కడుతున్నారు.

“మీకు తూము కావాలా, వద్దా?” అన్నాడు.

“కావాలి” అన్నాం నేనూ ఆరచ్చీ ఒకేసారి.

ఆయన నిజంగా చెడ్డవాడు కాదు. కాసేపు నుదురు రుద్దుకుని మెల్లగా అన్నాడు. “సరే, మీరు చంపొద్దు. ఈ కొత్త గూళ్లు ఇలాగే, బతికున్నవి బతికున్నట్టే నాకిచ్చెయ్యండి. మిగతాది క్యాండీలో మావాళ్లు చూసుకుంటారు. పాపం మాది, తూము మీది. ఇంకేం కావాలి?”

నిజమే, ఇంకేం కావాలి? ఆరచ్చి నన్ను మోచేత్తో పొడిచాడు. “ఒప్పుకో అప్పుహామి బావా. కార్తె దాటిపోతోంది. ఈసారి కూడా విత్తకపోతే మళ్లు తోటవాళ్లకు రాసివ్వడమే.”

అది బెదిరింపు కాదు, ఉన్నమాటే. ఎండిన మళ్లు చూసి తోట కంగాణీ, అదే కూలీల మేస్త్రీ, అప్పుడే రెండుసార్లు ధర అడిగి వెళ్లాడు. నాకు తెలిసిన భూమి అదొక్కటే. నేను మహత్తయకు కొబ్బరి నీళ్లు ఇప్పించి, విహారానికి పరుగెత్తాను. పెద్ద స్వామివారు చీపురుతో ఆకులు ఊడుస్తున్నారు.

“స్వామీ, చంపేది మేం కాదు కదా?”

“కాదు ఉపాసకా.”

“అయితే ఇచ్చెయ్యొచ్చా?”

“ఎక్కడికి పోతున్నాయో నీకు తెలుసా?”

“తెలుసు స్వామీ.”

“తెలియకుండా ఇచ్చే ఉపాయం ఏమైనా ఉందా?”

ఆలోచించాను. “లేదు స్వామీ.”

“నేనూ దానికోసమే చూస్తున్నాను. నాకూ దొరకలేదు” అని ఊడవడం మొదలుపెట్టారు.

నాకు కాస్త కోపం వచ్చిందని ఒప్పుకోవాలి. “మరి నీళ్లు లేకపోతే మడి ఎలా స్వామీ? మడి లేకపోతే మీ భిక్షాపాత్రలోకి అన్నం ఎక్కడినుంచి వస్తుంది?”

“పనసచెట్టుకి కాలువ అక్కర్లేదు కదా” అన్నారు.

ఇంటికొచ్చేసరికి నా జవాబు కోసం ఎవరూ ఆగలేదని తెలిసింది. మా ఆవిడ కొత్త గూళ్ల చేటలన్నీ అటకెక్కించి నిచ్చెన తీసేసింది.

“మా ఇంట్లో తిని పెరిగినవాళ్లను అలా పంపలేం మహత్తయా. మీరు భోంచేసి వెళ్లండి, మిమ్మల్నీ ఊరికే పంపం” అంటోంది.

ఆయన భోంచేశాడు. పనసకాయ కూర బాగుందన్నాడు. తర్వాత మా ఊరి గురించి రిపోర్టు రాశాడు. ఆరచ్చి ఆఫీసులో చూసి వచ్చి చెప్పాడు. అంబవెల ప్రజలు సోమరులు, కొత్త పరిశ్రమల పట్ల వారికి శ్రద్ధ లేదు. ఆయన అది రాస్తున్నప్పుడు ఊరు ఊరంతా వంగి కూర్చుని ఆకు తరుగుతోంది.

సోమరితనం అంటే ఏమిటో తెలిసింది కాబట్టి, ఆడవాళ్లు ఇంకాస్త సోమరితనం చేశారు. తొర్రగూళ్లను బూడిద నీళ్లలో ఉడికించి, పత్తిలా ఏకి, కదురు మీద వడికారు. స్వాములు వానాకాలమంతా విహారం కదలకుండా ఉండే వర్షావాసం ముగిసి, వాళ్లకు కఠిన చీవరమనే కొత్త బట్ట ఇచ్చే రోజు వచ్చింది. ఆ రోజున పత్తి వడికి, నేసి, కుట్టి, రంగు వేసి, మర్నాడు పొద్దు పొడవకముందే స్వామివారికి సమర్పించడం మాకు ఆచారం. ఈసారి పత్తి లేదు. పట్టుతోనే నేశారు. పనస చెక్క రంగులో అది గరుగ్గా, ఎగుడుదిగుడుగా, చాలా అందంగా వచ్చింది. ఒక్క ప్రాణం పోకుండా వచ్చిన పట్టు. ఊరంతా సాధు సాధు అంది.

ఆరచ్చికి ఆశ పుట్టింది. మర్నాడే వెళ్లి అల్విస్ మహత్తయ ముందు నిలబడ్డాడు. “పట్టు తీశామండి! బట్ట కూడా నేశాం!”

“ఎంతకు అమ్మారు?”

“అమ్మలేదండి. దానం చేశాం.”

“అమ్మనిది పరిశ్రమ కాదు” అన్నాడు మహత్తయ. ఫైలు కట్టేశాడు.

చూశారా పాఠకులారా, సర్కారు మమ్మల్ని ప్రోత్సహించడానికి ఎంత ప్రయత్నించిందో! తప్పంతా మాదే. చంపడం రాదు, అమ్మడం రాదు, ఎగరలేనివాళ్లను వదిలెయ్యడం రాదు. ఇలాంటివాళ్లు ముందుకెలా పోతారు?

ఇంతలో ఈ ఏటి ఆరు రోజుల పని వచ్చింది. కొండ మీద నాలుగు వానలు పడ్డాయి. మా కట్ట దగ్గర రోడ్డు చెమ్మగిల్లి, టీ బండి చక్రం దిగబడిందట. తోట దొర ఫిర్యాదు చేశాడు. ఓవర్సియరు గొడుగుతో వచ్చాడు. మేం పారలతో నిలబడ్డాం.

“ఈ తడి మన్నంతా తీసెయ్యండి” అన్నాడు. “గట్టి పొడి నేల తగిలేదాకా తవ్వాలి. తగిలాక రాయి పరిచి దిమ్మిస కొట్టాలి. అంతవరకూ ఒక్క రాయి వెయ్యకూడదు.”

ఆరచ్చి గొంతు సవరించుకున్నాడు. “అయ్యా, ఆ తడి ఎందుకొస్తోందంటే—”

“నిన్నడిగానా? చెప్పింది చెప్పినట్టు చెయ్యి. సొంత తెలివి వాడితే అందరికీ జరిమానా.”

ఆయన మైలవతల ఇంకో చోట పని చూడటానికి వెళ్లిపోయాడు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చెప్పింది చెప్పినట్టు చెయ్యడం మొదలుపెట్టాం.

“పొడి తగిలిందా ఉక్కు రాళా?” అని పైనుంచి ఆరచ్చి.

“ఇంకా తడిగానే ఉంది ఆరచ్చి గారూ.”

“అయితే తవ్వు. ఆర్డరు.”

కొంచెం సేపటికి మా తాతల కాలువ అడుగు రాయి తగిలింది. దాని మీద నీళ్లు. “ఇక్కడా తడే బావా” అన్నాను. “అయితే అటువైపు చూడు” అన్నాడు. అటువైపు చూశాం. కొండవైపు నుంచి పొలంవైపు దాకా రోడ్డు అడ్డంగా చూశాం. ఎక్కడ చూసినా తడే! మా వెనకే తడి కూడా వస్తోంది, మాకంటే ముందు పోతోంది, మళ్లలోకి దిగుతోంది. సొంత తెలివి వాడతామేమోనని ఎవరూ దాన్ని ఆపలేదు.

ఓవర్సియరు తిరిగొచ్చేసరికి కింద మా మడి సగం మెరుస్తోంది.

“ఏమిటిది? ఏం చేశారు?”

“పొడి నేల వెతుకుతున్నాం అయ్యా” అన్నాడు ఆరచ్చి, తలగుడ్డ చేత్తో పట్టుకుని. “మీరు తగిలేదాకా అన్నారు. మాకింకా తగల్లేదు.”

ఓవర్సియరు గుంటలోకి చూశాడు, మళ్లలోకి చూశాడు. తను అన్న మాటకు నలభై మంది సాక్షులు పారల మీద చేతులానించి నిలబడ్డారు. తప్పు ఆర్డరు ఇచ్చానని పైకి రాయాలి, లేదా పని ఇంకా జరుగుతోందని రాయాలి. ఆయన కూడా పిల్లలు గలవాడే. పని ఇంకా జరుగుతోందని రాశాడు.

టీ బండ్లకు అడ్డం కాకూడదని గుంట మీద పోక దుంగలు పరిచాం. బండ్లు బాగానే పోతున్నాయి. తోట దొర మళ్లీ ఫిర్యాదు చెయ్యలేదు.

కాబట్టి సర్కారువారికి మా విన్నపం ఒక్కటే. మాకు తూము వద్దు. ప్రోత్సాహం అసలే వద్దు. మా పని మమ్మల్ని చేసుకోనివ్వండి అని ఇన్నాళ్లూ ఎలా అడగాలో తెలియక పురుగుల్ని కూడా పెంచాం. అలాంటి ఆర్డరు ఏ సర్కారూ తెలిసి ఇవ్వదు. పొరపాటున ఒకటి వచ్చింది. దయచేసి దాన్ని రద్దు చెయ్యకండి.

నిన్న ఉక్కు రాళ నా మడి గట్టుకు గండి కొట్టాడు. నేను నిలదీశాను. నా గట్టుకు నేనే కొట్టుకున్నానని అతనన్నాడు. మా ఇద్దరికీ మళ్లీ మాటల్లేవు. ఆలస్యంగానైనా విత్తనాలు చల్లడం అయిపోయింది, మొలక బాగుంది. పొడి నేల మాత్రం ఇంకా తగల్లేదు. చట్టానికి లోబడిన ప్రజలం, తగిలేదాకా తవ్వుతూనే ఉంటాం.